అడిగేది ఒక్కరిని... చేయాల్సింది పదుగురు

మోరీ పొంగినా, వీధి దీపం ఆరినా, పార్కుకు తాళం పడినా హయత్‌నగర్‌వాసి తొక్కేది కార్పొరేటర్ గడపే. ఆ ప్రశ్నల్లో కార్పొరేటర్ చేతిలో ఉన్నవి ఎన్ని? చేతిలో లేనివాటికి జవాబు చెప్పేదెవరు? దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా తూర్పు హైదరాబాద్ డివిజన్ల కథ ఇది.

2020 అక్టోబరు 13, మంగళవారం. వాన రాత్రయినా ఆగలేదు. హయత్‌నగర్, హస్తినాపురం ప్రాంతాల్లో ఒక్క రోజులోనే పాతిక సెంటీమీటర్లకు పైగా కురిసింది. కప్పల చెరువు నిండి హరిహరపురం కాలనీ మునిగింది. సరూర్‌నగర్ చెరువు పొంగి దిగువనున్న కోదండరాంనగర్ వీధులు కాలువలయ్యాయి. ఇనాంగూడ దగ్గర విజయవాడ జాతీయ రహదారి మీదుగా నీళ్లు పారి రాకపోకలు నిలిచిపోయాయి. కింది వాటాల్లో ఉన్నవాళ్లకు బియ్యం సంచులు, పిల్లల పుస్తకాలు, గ్యాస్ సిలిండర్లు మేడ మీదికి మోసుకోవడంతోనే తెల్లవారింది.

సరిగ్గా ఏడు వారాలకు, డిసెంబరు 1న, మళ్లీ మంగళవారమే గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఎన్నికలు జరిగాయి. కొవిడ్ భయంతో ఈవీఎంలు పక్కనపెట్టి బ్యాలెట్ పత్రాలు ఇచ్చారు. ఎల్బీనగర్ శాసనసభ నియోజకవర్గంలోని 11 డివిజన్లలో అప్పటి అధికార పార్టీకి ఒక్కటీ దక్కలేదు. పదకొండూ బీజేపీ గెలుచుకుంది.

ఆ ఫలితానికి రాజకీయ కారణాలు చాలానే ఉన్నాయి. 10 వేల రూపాయల వరద సాయం పంపిణీ మీద రేగిన రగడ ఉంది, దిల్లీ నుంచి ప్రచారానికి దిగిన నేతల హోరు ఉంది. అయితే మోకాలి లోతు బురదనీళ్లలో రాత్రంతా నిలబడ్డ మనిషిని వేధించిన ప్రశ్న వేరు. ఈ నీళ్లు మా ఇంట్లోకే ఎందుకొచ్చాయి? దీనికి జవాబుదారు ఎవరు? ఆ మనిషికి తెలిసిన ముఖం కార్పొరేటర్‌ది ఒక్కటే. కాబట్టి ఆ ముఖాన్ని మార్చాడు.

ముఖాలు మారాయి. ప్రశ్నలు మారలేదు.

శాలువా తరవాత

హయత్‌నగర్ చుట్టుపక్కల ఏ కాలనీ సంక్షేమ సంఘం సమావేశమైనా దాదాపు ఒకే తీరుగా నడుస్తుంది. పార్కులోనో, కమ్యూనిటీ హాలులోనో, గుడి ముందరో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. సంఘం అధ్యక్షుడి చేతిలో టైపు చేసిన వినతిపత్రం ఉంటుంది. కార్పొరేటర్ రాగానే శాలువా, బొకే, ఫోటో. శాలువా భుజం మీద కుదురుకునేలోపే వెనక వరసలోంచి ప్రశ్న లేస్తుంది. అన్నా, మా గల్లీలో మోరీ నెల నుంచి పొంగుతోంది, మనిషి రాడా?

అది మొదలు వరసపెట్టి వస్తాయి. నల్లా నీళ్లు చివరి ఇళ్లకు ఎక్కడం లేదు. స్తంభం ఉంది, దీపం లేదు. చెత్త ఆటో రోజు విడిచి రోజు కూడా రావడం లేదు. కుక్కల భయానికి పిల్లల్ని ట్యూషన్‌కు పంపలేకపోతున్నాం. ఓపెన్ జిమ్‌లో సామాను విరిగి ఆరు నెలలయింది. హైవే దాటాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాల్సి వస్తోంది.

జవాబులు కూడా దాదాపు అందరికీ కంఠతా వచ్చు. చేయిస్తం. ఏఈకి చెప్పిన. ఎస్టిమేటు వేసినం. టెండర్ల ఉంది. బిల్లులు రాక కాంట్రాక్టర్ ఆపిండు. వినేవాడికి ఇవన్నీ ఒకే మాట తిప్పి తిప్పి చెప్పినట్టు ఉంటాయి. నిజానికి ఒక్కో జవాబు ఒక్కో మెట్టు. ఒక సీసీ రోడ్డు పడాలంటే ముందు అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) కొలతలు తీసుకుని అంచనా తయారు చేయాలి. మొత్తాన్ని బట్టి అది సర్కిల్‌లోనో, జోన్‌లోనో, ప్రధాన కార్యాలయంలోనో మంజూరు కావాలి. ఆ తరవాత టెండరు, ఒప్పందం, పని. పని అయ్యాక నాణ్యత తనిఖీ, బిల్లు. చెప్పిన పని ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే ఎవరిని కదిలించాలో కాలనీకే అర్థమవుతుంది. అందుకే చేయిస్తం అన్నప్పుడు చప్పట్లు కొట్టి ఊరుకోకుండా, ఫైలు ఎవరి బల్ల మీద ఉంది, ఎప్పటికల్లా కదులుతుంది అని అడిగిన కాలనీలకే ఎంతోకొంత జరుగుతోంది.

ఇక్కడ ఇంకో విషయం దాచకుండా చెప్పుకోవాలి. జీహెచ్‌ఎంసీ 2020 ఎన్నికల్లో 150 డివిజన్లలో 75 మహిళలకు రిజర్వు అయ్యాయి. ఈ ప్రాంతంలోనూ ఓటు అడిగి, ప్రచారం చేసి గెలిచిన మహిళలున్నారు. అయినా నగరంలో చాలా డివిజన్లలో సమావేశానికి వచ్చేది, ఫోన్ ఎత్తేది, జవాబు చెప్పేది ఆమె భర్తో, కొడుకో. గెలిచిన మనిషి వేదిక మీద మౌనంగా కూర్చుంటే, బస్టాండులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదన్న ప్రశ్న మళ్లీ మగవాళ్ల మధ్యే తిరుగుతుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ ప్రశ్నకు ముందెన్నడూ లేనంత బరువు వచ్చింది. టికెట్ డబ్బు కట్టకుండా రాష్ట్రంలో ఎంత దూరమైనా వెళ్లొచ్చు. రెండు గంటల ప్రయాణం తరవాత దిగిన చోట ఏముంది?

ఒక వీధి, పది చిరునామాలు

హయత్‌నగర్‌లో ఏదో ఒక వీధి మొదట్లో నిలబడి చుట్టూ చూస్తే, కంటికి కనిపించే ఒక్కో వస్తువుకు ఒక్కో యజమాని.

కరెంటు స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. దానికి వేలాడే దీపం జీహెచ్‌ఎంసీది. నల్లా వాటర్ బోర్డుది. రోడ్డు పక్కన వాననీటి కాలువ జీహెచ్‌ఎంసీది, దాని పక్కనే భూమిలో ఉన్న మురుగు పైపు వాటర్ బోర్డుది. శివారు సర్కిళ్లలో మురుగు నిర్వహణ కూడా ఒకప్పుడు జీహెచ్‌ఎంసీ చేతిలోనే ఉండేది, 2021లో వాటర్ బోర్డుకు అప్పగించారు. కాగితం మీద ఈ విభజన బాగానే ఉంది. నేల మీద మాత్రం వాననీళ్లు వెళ్లే దారి లేక జనం మ్యాన్‌హోల్ మూత ఎత్తి నీళ్లు అందులోకి వదిలేస్తారు. అంత నీటిని మోయలేక మురుగు పైపు నాలుగు వీధుల అవతల పొంగుతుంది. అప్పుడు జీహెచ్‌ఎంసీ ఏఈ అది మురుగు అంటాడు, వాటర్ బోర్డు మేనేజర్ అది వాననీరు అంటాడు. ముక్కు మూసుకుని దాటుకుపోయే వాళ్లకు ఆ తేడాతో పని లేదు.

వీధి చివర హైవే. అది జాతీయ రహదారుల సంస్థది. పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు రహదారి హయత్‌నగర్‌ను నిలువునా చీల్చుకుంటూ పోతుంది. బడి ఒక పక్క, ఇల్లు ఒక పక్క అయిన పిల్లలు రోజూ దాన్ని దాటాలి. అక్కడ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కావాలన్నా, కింది నుంచి దారి కావాలన్నా కార్పొరేటర్ రాయగలిగేది ఉత్తరమే. బస్సులు ఆర్టీసీవి, హయత్‌నగర్‌లో రెండు డిపోలున్నాయి. బస్సు ఆగే చోట నీడ వేయాల్సింది జీహెచ్‌ఎంసీ. చెరువు మీద నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ), జీహెచ్‌ఎంసీ నాలుగింటి పేర్లూ వినిపిస్తాయి. చెరువులు, ప్రభుత్వ స్థలాల రక్షణకు 2024 జులైలో ఏర్పడిన హైడ్రా అయిదో పేరు. కాస్త అవతల మహావీర్ హరిణ వనస్థలి జాతీయ పార్కు, 3,600 ఎకరాల చిల్లర. కృష్ణజింకల కోసం 1975లో కేటాయించిన ఆ అడవి అటవీ శాఖది.

ఇంతమంది మధ్య ఓటుతో గెలిచి, ఇంటి నంబరు తెలిసి, పెళ్లికి పిలిస్తే వచ్చే మనిషి కార్పొరేటర్ ఒక్కరే. మిగతా తొమ్మిది మందీ బదిలీ మీద వస్తారు, బదిలీ మీద పోతారు. అందుకే అన్ని ప్రశ్నలూ ఆ ఒక్క గడప దగ్గరే పోగుపడతాయి.

తమ చేతిలో లేని పనికి తిట్లు తినడం కార్పొరేటర్లకూ కష్టమే. అయితే తమది కాని పనికి కూడా చేయిస్తం అని మాటివ్వడం ఆ కష్టాన్ని ఇంకా పెంచుతోంది. ఇది నా పరిధిలో లేదు, ఫలానా అధికారి పరిధిలో ఉంది, వచ్చే సమావేశానికి ఆయన్ని తీసుకొస్తాను అని చెప్పే నాయకుడికి ఓట్లు తగ్గుతాయన్న భయం అక్కర్లేదు. కాలనీలు ఇప్పుడు చదువుకున్న కాలనీలు. విశ్రాంత ఇంజినీర్లు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు కూర్చునే సభలు. వాళ్లు సాకును, నిజాన్ని వేరు చేయగలరు.

బేగం కట్టించిన సరాయి

ఈ ఊరి పుట్టుకే ఒక ప్రజా సౌకర్యం. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు హయత్‌నగర్. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే దారిలో 17వ శతాబ్దంలో ఇక్కడ పెద్ద మసీదు, దాని చుట్టూ బాటసారులకు గదుల వరసలతో సరాయి, పక్కనే హాథీ బావి అనే పెద్ద దిగుడుబావి వెలిశాయి. వజ్రాలు, నూలు గుడ్డలు మోసుకెళ్లే బిడారులు రాత్రికి ఆగడానికి చోటు, మనుషులకూ పశువులకూ నీళ్లు, ప్రార్థనకు ఒక ఆవరణ. నేటి మాటల్లో చెప్పుకుంటే బస చేసే హాలు, మంచినీటి పథకం, బహిరంగ స్థలం.

నగరానికి పురపాలన రూపం 1869లో, మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో వచ్చింది. ఎన్నికైన సభ్యులు రావడానికి 1934 దాకా ఆగాల్సి వచ్చింది. హయత్‌నగర్ మాత్రం అప్పటికి, ఆ తరవాత చాలా కాలానికి కూడా నగరం కాదు. పంచాయతీ ఊరు. తరవాత ఎల్బీనగర్ మున్సిపాలిటీ వచ్చింది. 2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్, గడ్డిఅన్నారం సహా 12 మున్సిపాలిటీలను హైదరాబాద్ నగరపాలక సంస్థతో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు.

అక్కడే ఒక దూరం పెరిగింది. అంతకు ముందు మున్సిపల్ ఆఫీసు ఎల్బీనగర్‌లో ఉండేది, ఛైర్మన్ స్థానికుడు. కలిశాక కౌన్సిల్ హాలు ట్యాంక్‌బండ్ పక్కకు వెళ్లింది. తొలి ఎన్నికలు 2009 నవంబరు దాకా జరగనే లేదు. రెండున్నరేళ్లు అడగడానికి కార్పొరేటరే లేరు. ఆ పాలకమండలి గడువు 2014 డిసెంబరులో ముగిశాక మళ్లీ 2016 ఫిబ్రవరి దాకా ప్రత్యేకాధికారి పాలన. ప్రజలు ఓటు వేయడం లేదని అందరూ తప్పుపడతారు. 2009లో 42 శాతం, 2016లో 45 శాతం, 2020లో 46 శాతం చిల్లర పోలింగ్ నమోదైన మాట నిజం. అయితే ప్రతినిధి ఉన్నా లేకున్నా వీధి ఒకేలా నడుస్తుందన్న అభిప్రాయం జనంలో నాటుకోవడానికి ఆ ఖాళీ ఏళ్లు కూడా కారణమే.

2011 లెక్కల ప్రకారం జీహెచ్‌ఎంసీ జనాభాను 150తో భాగిస్తే ఒక్కో డివిజన్‌కు సగటున 45 వేల మంది. హైవే మీద ఇంకాస్త ముందుకు వెళ్తే పెద్దఅంబర్‌పేట, పక్కకు తిరిగితే తుర్కయంజాల్. 2020 జనవరిలో ఎన్నికలు జరిగిన ఆ చిన్న మున్సిపాలిటీల్లో కౌన్సిలర్ వెనక ఉన్న జనం అందులో కొద్ది భాగమే. ఇక్కడ కార్పొరేటర్, అక్కడ కౌన్సిలర్. పేరులోనే కాదు, మనిషి అందుబాటులోనూ తేడా ఉండేది.

హాలులో లేచిన చెయ్యి

కాలనీలో జవాబు చెప్పే కార్పొరేటరే కౌన్సిల్‌లో ప్రశ్న అడిగే మనిషి. ఈ రెండో పని చాలామంది ఓటర్లకు తెలియదు. సర్వసభ్య సమావేశానికి ముందే కార్పొరేటర్లు రాతపూర్వకంగా ప్రశ్నలు ఇవ్వాలి. మేయర్ అధ్యక్షతన, కమిషనర్, విభాగాధిపతుల సమక్షంలో వాటికి జవాబు రావాలి. ఇంటి మోరీ ప్రశ్న నగర రికార్డులోకి ఎక్కే దారి అది.

ఆ దారి ఎంత ఇరుకో 2023లో బయటపడింది. ఏప్రిల్ 29న సికింద్రాబాద్ కళాసిగూడలో తెరిచి ఉన్న నాలాలో పడి ఒక చిన్నారి చనిపోయింది. నగరమంతా భగ్గుమంది. బీజేపీ కార్పొరేటర్లు వాటర్ బోర్డు కార్యాలయానికి వెళ్లి పూడిక మట్టి పారబోసి నిరసన తెలిపారు. దానికి నిరసనగా మే 3న జరిగిన కౌన్సిల్ సమావేశం నుంచి అధికారులు బయటికి వెళ్లిపోయారు. సమావేశం వాయిదా పడింది. అడిగేవాళ్లు హాలులో ఉన్నారు, చెప్పాల్సినవాళ్లు లేరు. మట్టి పారబోయడం సరికాదని అనొచ్చు, అధికారులు వెళ్లిపోవడం సరికాదని అనొచ్చు. ఎవరి పక్షాన వాదించినా, మూతలేని నాలాల గురించి ఆ రోజు చర్చించాల్సిన హాలు మూగబోయింది.

ఈ ప్రాంతానికి ఆ బాధ కొత్తది కాదు. 2020 సెప్టెంబరులో సరూర్‌నగర్ తపోవన్ కాలనీలో వరద నీళ్లలో స్కూటర్ నెట్టుకుంటూ వెళ్తున్న వ్యక్తి కొట్టుకుపోయి చెరువులో శవమై తేలాడు. మరుసటి నెలే పెద్ద వరద. ఆ దెబ్బలన్నీ కలిసి ఒక జవాబును తెచ్చాయి. 2021లో సుమారు 985 కోట్ల రూపాయల తొలి దశతో వ్యూహాత్మక నాలాల అభివృద్ధి కార్యక్రమం, అదే ఎస్‌ఎన్‌డీపీ మొదలైంది. బాతుల చెరువు నుంచి ఇంజాపూర్ వైపు వెళ్లే నాలా, కప్పల చెరువు కింది కాలువ పనులు అందులో చేరాయి. దశాబ్దాలుగా కాలనీ సమావేశాల్లో మూలిగిన ప్రశ్నకు డబ్బు, టెండరు, కాంక్రీటు రూపంలో జవాబు రావడం అంటే అదే. అయితే అందుకు ఎంత నష్టపోవాల్సి వచ్చిందో ఆ వీధులవాళ్లకే తెలుసు.

పార్కుకు పత్రం ఉందా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా కాలనీల్లో అత్యధిక భాగం పొలాలను ప్లాట్లుగా కోసి కట్టినవే. లేఅవుట్‌లో 10 శాతం స్థలం పార్కుకు, ఉమ్మడి అవసరాలకు వదలాలన్నది నియమం. వదిలినట్టు నక్షాలో గీత ఉంటుంది. ఆ స్థలాన్ని స్థానిక సంస్థకు రిజిస్టరు చేసి అప్పగించారా అన్నది అసలు సంగతి. అప్పగించని చోట ఇరవయ్యేళ్లకు అదే స్థలం కొత్త ప్లాటు నంబరుతో అమ్ముడుపోతుంది. పిల్లలు ఆడుకున్న ఖాళీ జాగాలో ఒక తెల్లారి రేకుల షెడ్డు లేస్తుంది.

కార్పొరేటర్‌ను పార్కులో బెంచీలు అడగడానికి ముందు కాలనీ అడగాల్సింది ఈ పత్రం. నక్షా నకలు, గిఫ్ట్ డీడ్, సర్వే నంబరు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో వాటిని అడగొచ్చు. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు కేటాయిస్తే అక్కడి కాలనీవాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. పార్కు అంటే అలంకారం కాదని, దాన్ని కాపాడుకునే హక్కు చుట్టుపక్కల నివసించేవాళ్లకు ఉందని దేశమంతటికీ తేల్చిన తీర్పు అది.

బహిరంగ స్థలం మీద నిర్ణయాలు కొన్నిసార్లు కార్పొరేటర్ తలకు ఎంతో ఎత్తున జరిగిపోతాయి. కొత్తపేటలో 1986 నుంచి నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను హయత్‌నగర్ దాటాక వచ్చే బాటసింగారానికి తరలించారు. ఖాళీ అయిన చోట ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. తూర్పు హైదరాబాద్‌కు పెద్దాసుపత్రి కావాలన్నది న్యాయమైన కోరిక. బత్తాయి, మామిడి బుట్టలు మోసి బతికిన హమాలీలు, చిల్లర వ్యాపారులు ఎక్కడికి వెళ్లాలన్నదీ న్యాయమైన ప్రశ్నే. రెండూ ఒకే వేదిక మీద ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సందర్భం రాలేదు.

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ కూడా అంతే. కోచింగ్ సెంటర్ల పిల్లలు, బట్టల దుకాణాలకు వచ్చే కుటుంబాలు, మెట్రో దిగినవాళ్లు, తోపుడుబళ్లు అందరూ అదే ఆరడుగుల మీద నడవాలి. నడవడానికి చోటు లేదని ఒకరు, బతకడానికి చోటు లేదని ఒకరు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఈ తగవు తీర్చడానికే పట్టణ విక్రయ కమిటీని ఏర్పాటు చేసింది. అందులో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారుల ప్రతినిధులే కావాలి. ఆ కమిటీ కూర్చుని గీత గీస్తే ఇద్దరికీ చోటు దొరుకుతుంది. కూర్చోకపోతే వారానికోసారి బళ్లు ఎత్తేయడం, సాయంత్రానికి అవే బళ్లు తిరిగి రావడం.

ఫతుల్లాగూడలో మూడు వాకిళ్లు

అడిగిన ప్రశ్నకు నిండైన జవాబు దొరికిన చోటు ఒకటి ఇదే ప్రాంతంలో ఉంది. ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని సౌకర్యం అది. శ్మశానవాటిక.

ఊళ్లు కాలనీలుగా మారినప్పుడు పాత శ్మశానాల చుట్టూ ఇళ్లు వచ్చాయి. కొత్తగా వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు సొంత ఊరు దూరం, ఇక్కడ చోటు లేదు. క్రైస్తవులు, ముస్లింలు ఖననానికి స్థలం కోసం తిరగడం మరీ కష్టం. అద్దె ఇంట్లో మనిషి పోతే శవాన్ని గుమ్మం ముందు కూడా పెట్టనివ్వని యజమానులున్న నగరం ఇది. అలాంటి చోట ఫతుల్లాగూడలో ఆరున్నర ఎకరాల్లో, 16.25 కోట్ల రూపాయలతో హెచ్‌ఎండీఏ ముక్తిఘాట్ కట్టింది. హిందువులకు, ముస్లింలకు, క్రైస్తవులకు ఒకే ప్రాంగణంలో వేర్వేరు వాటికలు. 2022 డిసెంబరులో ప్రారంభమైంది.

అక్కడ ఏం కుదిరింది? స్థలం ప్రభుత్వానిది అని తేలింది. ఒకే సంస్థ బాధ్యత తీసుకుంది. మొత్తం ఎంతో లెక్క తేలింది. మూడు మతాలవాళ్ల అవసరం ఒకే నక్షాలోకి వచ్చింది. పైన చూసిన వీధిలో పది చిరునామాలుగా చెదిరిపోయిన బాధ్యత ఇక్కడ ఒక్క చోట కూడింది. మోరీకి, పార్కుకు, మరుగుదొడ్డికి కావాల్సిందీ ఇదే.

చట్టం వేసిన కుర్చీ

దానికి పద్ధతి మన చట్టాల్లో లేకపోలేదు. పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. వీధి దీపాలు, పార్కులు, ఆట స్థలాలు, శ్మశానాలు, బస్టాపులు, మరుగుదొడ్లు సహా 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చి నగర సంస్థలకు అప్పగించవచ్చని చెప్పింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. జీహెచ్‌ఎంసీలో ఆ కమిటీకి అధ్యక్షత కార్పొరేటర్‌దే.

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ఇంకో అడుగు వేసింది. జీహెచ్‌ఎంసీ బయటి పట్టణాల్లో ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది, మొత్తం 60 మంది ఉండాలంది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది. ఇక జీహెచ్‌ఎంసీలో 2023 జూన్ 16న డివిజన్‌కొకటి చొప్పున 150 వార్డు కార్యాలయాలు తెరిచారు. ఒక పాలనాధికారి కింద ఇంజినీరింగ్, పారిశుద్ధ్యం, దోమల నివారణ, టౌన్ ప్లానింగ్ సిబ్బందితో పాటు వాటర్ బోర్డు, విద్యుత్ సిబ్బందిని కూడా ఒకే కప్పు కిందికి తేవాలన్నది ఆలోచన. చెదిరిన చిరునామాలన్నీ నడిచి వెళ్లే దూరంలో ఒకే గదిలో కూర్చోవడం కన్నా హయత్‌నగర్‌వాసికి కావాల్సింది వేరే ఏముంటుంది?

లోటు ఎక్కడంటే, ఈ కుర్చీల్లో క్రమం తప్పకుండా కూర్చునే అలవాటులో. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రే నగరం 1989లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఏటా బస్తీలవారీగా జనం సభల్లో కూడి, కొత్త పనులకు ఉన్న డబ్బులో ఏది ముందు, ఏది వెనక అని తేల్చేవారు. మురుగు కాలువలా, రోడ్లా, బడులా అన్నది అక్కడే చర్చకు వచ్చేది. ప్రపంచంలో ఎన్నో నగరాలు దాన్ని అనుసరించాయి. ఆ సభలకు అంత పేరు రావడానికి కారణం ఏటా అదే సమయానికి జరగడం, పోయినసారి చెప్పిన పని ఏమైందో మొదటే అడగడం.

హయత్‌నగర్ డివిజన్‌లో మూడు నెలలకోసారి, ముందే ప్రకటించిన ఆదివారం, వార్డు కార్యాలయంలోనే అలాంటి సభ జరిగితే ఎలా ఉంటుంది? శాలువాలు అక్కర్లేదు. కార్పొరేటర్ పక్కన జీహెచ్‌ఎంసీ ఏఈ, వాటర్ బోర్డు మేనేజర్, విద్యుత్ ఏఈ కూర్చోవాలి. గోడ మీద ఒక చార్టు ఉండాలి. ప్రశ్న, ఎవరి పని, ఎంత డబ్బు, ఏ తేదీ. మరుసటి సభలో మొదటి పావుగంట ఆ చార్టు చదవడానికే. దీనికి కొత్త చట్టం, కొత్త నిధి అక్కర్లేదు.

హద్దులు మారినా

2021 ఫిబ్రవరి 11న కొలువైన పాలకమండలికి ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరి 10 వరకు. అది ముగియకముందే, 2025 చివర్లో నగరం చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలపాలని ప్రభుత్వం నిర్ణయించింది. వాటిలో పెద్దఅంబర్‌పేట, తుర్కయంజాల్ ఉన్నాయి. డివిజన్ల సంఖ్య 300 అయ్యేలా హద్దులు గీశారు. నిన్నటి దాకా హైవేకు అటు కౌన్సిలర్‌ను అడిగినవాళ్లకు 2007లో ఎల్బీనగర్‌వాసులకు ఎదురైన ప్రశ్నే ఇప్పుడు ఎదురైంది. మా ఆఫీసు ఎక్కడికి పోయింది?

ఇంకో పెద్ద మార్పు కాగితాల మీద సిద్ధంగా ఉంది. 2018 సెప్టెంబరు 24న మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చి ఆగింది. 2024లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించి కేంద్రానికి పంపిన రెండో దశలో ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ వరకు 7.1 కిలోమీటర్లు, ఆరు స్టేషన్లు ఉన్నాయి. స్తంభాలు ఎక్కడ లేస్తాయో ఇంజినీర్లు నిర్ణయిస్తారు. స్టేషన్ మెట్లు దిగాక నడవడానికి ఫుట్‌పాత్, ఆటోలు ఆగే జాగా, రాత్రి పది గంటలకు దీపం, చంటిబిడ్డ తల్లికి మరుగుదొడ్డి, తోపుడుబండికి గీసిన చోటు ఇవన్నీ మాత్రం డివిజన్ సభలో తేలాల్సిన సంగతులు. స్తంభం లేచాక అడిగితే స్థలం ఉండదు. ఇప్పుడు అడిగితే నక్షాలో గీత గీయొచ్చు.

హైవే మీద ఆ ఏడు కిలోమీటర్ల చివరన, బేగం పేరున్న మసీదు ఆవరణలో బాటసారుల గదుల వరస ఇంకా నిలబడి ఉంది, పక్కన హాథీ బావి ఉంది. రెండు గంటలు ప్రయాణం చేసి హయత్‌నగర్‌లో బస్సు దిగిన ఆడమనిషి మొదట వెతికేది గుక్కెడు నీళ్లు, తలుపు గడియ పడే ఒక మరుగుదొడ్డి. వచ్చే ఎన్నికల్లో ఓటు అడగడానికి గల్లీలోకి వచ్చేవాళ్లను నిలబెట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఎక్కడ కడతారు, ఏ నెలకల్లా, ఎవరు శుభ్రం చేస్తారు?